ఫుల్ ట్యాంకు పోస్తేనే వాసన: కొత్త కారులో పెట్రోలు లీకు, చెక్ ఇంజిన్ లైటు

కారు కొన్నది జనవరిలో. మే మొదటి వారానికి మీటరు ఇంకా అయిదు వేలు కూడా తిరగలేదు, వెనక సీట్లో పెట్రోలు వాసన మొదలైంది. ఆ వెనకే చెక్ ఇంజిన్ లైటు. రెండూ పూర్తిగా తీరేసరికి జూన్ మూడో వారం వచ్చింది. బండి పెట్రోలుది, బీఎస్-6 రెండో దశ ఇంజిను, 37 లీటర్ల ట్యాంకు. ఈ20 పెట్రోలుకి (ఇరవై శాతం ఇథనాల్ కలిపినది) పనికొస్తుందని ట్యాంకు మూత దగ్గర స్టిక్కరు ఉంది. కంపెనీ పేరు, వర్క్‌షాపు పేరు రాయడం లేదు. ఈ తరహా లీకు ఏ కంపెనీ బండికైనా రావచ్చు.

ముందు వాసన సంగతి. ఇది రోజూ రాలేదు. ఫుల్ ట్యాంకు పోయించి, ఆమదాలవలస స్టేషన్ బయట ఎండలో వదిలిన బండి తలుపు సాయంత్రం తీస్తే గుప్పుమంది. మర్నాటికి తగ్గింది. ట్యాంకు ముప్పావుకి దిగేసరికి జాడ లేదు. మళ్ళీ ఫుల్ పోయిస్తే మళ్ళీ వచ్చింది. ఇలాంటప్పుడు తగ్గిపోయింది కదా అని ఊరుకుంటారు చాలామంది. నిజానికి వాసన ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావడం లేదు అన్నదే లీకు ఎక్కడుందో చెప్పే మొదటి ఆధారం.

ట్యాంకులోని పంపు నుంచి ఇంజిను దాకా వెళ్ళే పైపులో పెట్రోలు మూడు నాలుగు బార్ ఒత్తిడి మీద ఉంటుంది. అక్కడ జాయింటు వదులైతే ట్యాంకులో అయిదు లీటర్లున్నా ముప్ఫై ఉన్నా ఒకేలా కారుతుంది, ఇంజిను నడిచినంతసేపూ కారుతుంది, మైలేజీ కూడా పడిపోతుంది. ఇంజినులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల దగ్గర ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు) పోతే వాసన బోనెట్ వైపు వస్తుంది, పొద్దున్నే మొదటి స్టార్టింగులో ఎక్కువ. పోసే గొట్టానికి ట్యాంకుకి మధ్య ఉండే రబ్బరు హోసు ఊడితే బంకులో పోస్తుండగానే చక్రం పక్కన కారుతుంది. మూత సరిగా పట్టకపోతే వాసన బయటే ఉంటుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మాత్రమే, అదీ వెనక సీటు దగ్గర వస్తోందంటే ట్యాంకు నెత్తి మీద అనుమానం పెట్టుకోవాలి. పంపు మాడ్యూలు మూత, దాని సీలు, ఆవిరి పైపుల జాయింట్లు అన్నీ అక్కడే. చాలా చిన్న కార్లలో అది సరిగ్గా వెనక సీటు కిందకి వస్తుంది.

కింద చుక్కలు పడుతున్నాయా లేదా చూడాలంటే రాత్రి వెనక చక్రాల మధ్య పెద్ద అట్టముక్క పరిస్తే చాలు. ముందు వైపు పడేవి ఏసీ నీళ్ళు, వాటికి కంగారు పడక్కర్లేదు. అనుమానముంటే టిష్యూ పేపరుతో అద్ది చూడండి. నీళ్ళయితే తడి అలాగే ఉంటుంది, పెట్రోలయితే చూస్తుండగానే ఆరిపోయి వాసన మిగులుతుంది. చిక్కల్లా ఏమిటంటే సన్నగా కారే పెట్రోలు నేల మీద పడేలోపే ఎగిరిపోతుంది, అట్ట పొడిగా ఉన్నంత మాత్రాన లీకు లేదని కాదు. నా బండికి అట్ట పొడిగానే ఉంది. టార్చి వేసి అడుగు చూస్తే మాత్రం ట్యాంకు పక్కగోడ మీద దుమ్ము మధ్య ఒక చార కడిగినట్టు శుభ్రంగా ఉంది, దాని కింద కొసన లేత గోధుమరంగు మరక. దాన్ని తుడవకుండా తేదీతో సహా ఫొటో తీసి పెట్టాను. తర్వాత ఈ ఫొటోయే అక్కరకొచ్చింది.

అపార్టుమెంటు సెల్లారులో బండి పెట్టేవాళ్ళు వాసన వస్తున్నన్నాళ్ళు ఆరుబయట పెట్టుకోవాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, నేలబారున పేరుకుంటుంది. సున్నాకి నలభై డిగ్రీల దిగువన కూడా నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి వదిలే సరుకు అది, మన మే నెల సంగతి ఇక చెప్పక్కర్లేదు. సెల్లారులో నీళ్ళ మోటారు స్టార్టరు ఆన్ చేసినప్పుడల్లా లోపల నిప్పురవ్వ పుడుతుంది. వాచ్‌మన్‌కి బీడీ కాల్చొద్దని చెప్పి ఊరుకుంటే సరిపోదు.

లైటు వెలిగింది నరసన్నపేట వైపు వెళ్తుండగా, మడపాం టోల్‌గేటు దాటాక. పసుపు రంగు ఇంజిను బొమ్మ, నిలకడగా. అదే ఆరి వెలుగుతుంటే సిలిండరులో మంట సరిగా పడక, కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌కి చేరి దాన్ని మాడ్చేస్తోందని అర్థం, అప్పుడు బండి ఆపేయాలి. నిలకడగా వెలిగితే నెమ్మదిగా ఇంటికి చేరవచ్చు. కాకపోతే పెట్రోలు వాసన కూడా ఉన్న బండికి ఈ వెసులుబాటు లేదు. పక్కకి తీసి, ఇంజిను ఆపి, కిందకి వంగి చూడాలి. చుక్క పడుతూ కనిపిస్తే మళ్ళీ స్టార్టు చేయకుండా రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేసి బండిని లారీ మీద ఎక్కించుకుని పంపాలి. కొత్త బండికి ఇది మొదటి ఏడాది చాలావరకు ఉచితమే. నాకు చుక్కలు లేవు, ఏసీ కట్టేసి అద్దాలు దించుకుని వెనక్కి వచ్చాను.

ఎనిమిది వందల చిల్లరకి దొరికే బ్లూటూత్ ఓబీడీ స్కానరు (బండి కంప్యూటరు రాసుకున్న తప్పుల కోడ్లు చదివేది) స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్‌కి పెట్టి, ఫోన్లో చూశాను. కోడ్ పీ0172. ఇంజినుకి పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ అందుతోందని దాని అర్థం. కోడ్ ఒక్కటే చూసి ఆపేయకూడదు, దాని వెనకే ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటుంది. కోడ్ పడిన క్షణాన బండి ఎంత వేగంలో ఉంది, ఇంజిను ఎంత వేడెక్కింది, పెట్రోలు సర్దుబాటు (ఫ్యూయల్ ట్రిమ్) ఎంత శాతం, అన్నీ అందులో అచ్చుపడి ఉంటాయి. నా బండిది: వేగం 58, కూలెంట్ 91 డిగ్రీలు, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ మైనస్ 21.1, షార్ట్ టర్మ్ మైనస్ 7.8. అంటే ఆక్సిజన్ సెన్సార్ మాట విని కంప్యూటరు తను వదిలే పెట్రోలుని పాతిక శాతం పైగా కోసేసింది, అయినా ఇంకా ఎక్కువే అంటోంది. మామూలు బండికి ఈ రెండూ కలిపి పది లోపల ఉండాలి. ఇంజెక్టర్లు కాకుండా ఇంకెక్కడి నుంచో పెట్రోలు ఇంజినులోకి వస్తోందన్నమాట. ఈ తెరలన్నీ స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. వర్క్‌షాపులో కోడ్ చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది, ఇక మీ దగ్గర సాక్ష్యం ఉండదు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. యూట్యూబ్‌లో అమెరికా వీడియోలన్నీ పెట్రోలు మూత బిగిస్తే లైటు పోతుందంటాయి. అక్కడి కార్లు ట్యాంకుని మూసి, అర మిల్లీమీటరు కన్నం ఉన్నా కనిపెట్టి పీ0442, పీ0455, పీ0456 లాంటి కోడ్లు వేస్తాయి. మన బీఎస్-6 నిబంధనలు యూరప్ దారిలో రాసినవి. ఆవిరి లీకు పరీక్ష బండి తనంతట తాను చేసుకోవాలన్న నియమం లేదు, ట్యాంకు ఆవిరిని ఇంజినుకి వదిలే పర్జ్ వాల్వు వైరింగు తెగిందా లేదా చూస్తే చాలు. అందుకే మన దగ్గర చాలా కార్లలో ట్యాంకు నుంచి ఆవిరి ఎంత పోయినా లైటు వెలగదు. నా బండికి లీకు వల్ల లైటు రాలేదు, లీకు, లైటు రెండూ ఒకే కారణం నుంచి పుట్టాయి. అది తేలడానికే ఇంతకాలం పట్టింది.

మర్నాడే వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. అప్పటికి ట్యాంకు సగానికి దిగింది. సర్వీస్ అడ్వైజర్ జాబ్ కార్డు మీద చెక్ ఇంజిన్ లైటు అని ఒక్క ముక్క రాసుకున్నాడు. వాసన సంగతి చెబితే, "ఈ20 వచ్చిన కాడ్నించి అన్ని బళ్ళకీ ఇదే కంప్లయింటండి" అన్నాడు. మధ్యాహ్నానికి ఫోన్ వచ్చింది, కోడ్ క్లియర్ చేశాం, కల్తీ పెట్రోలయ్యుంటుంది, బంకు మార్చండి అని. బండి తళతళలాడుతోంది. కిందా మీదా నీళ్ళు కొట్టి కడిగేశారు, మరకా లేదు, చారా లేదు. సర్వీసుకి వచ్చిన బండిని ముందు వాషింగ్‌కి పంపడం అక్కడ అలవాటు. లీకు కేసులో ఇంతకన్నా చెడ్డ అలవాటు లేదు.

ఈ20 మీద నింద వేయడం ఇప్పుడు సులువు. ఇథనాల్‌కి గాలి తక్కువ చాలు, కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి కావాల్సిన చోట ఈ20కి పదమూడున్నర చాలు. కాబట్టి ఈ20 పోస్తే కంప్యూటరు పెట్రోలు కాస్త పెంచుకోవాలి, ట్రిమ్ ప్లస్ వైపు జరగాలి. నాది మైనస్ ఇరవై దాటింది, దిక్కే వేరు. కల్తీ మాటకొస్తే బంకులోనే ఫిల్టర్ పేపరు పరీక్ష అడిగే హక్కు మనకుంది. గన్ను కొసన శుభ్రం చేసి కాగితం మీద ఒక చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఎగిరిపోవాలి. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరి బంకులో అడిగితే కాస్త మొహం చిట్లించినా చేసి చూపించారు. మరక లేదు.

వారం తిరక్కుండానే లైటు మళ్ళీ వచ్చింది, ఫుల్ పోయించిన మర్నాడు. ఈ కోడ్లకి ఒక పద్ధతుంది. తప్పు మొదటిసారి కనిపిస్తే పెండింగ్ కోడ్‌గా రాసుకుంటుంది, తర్వాతి డ్రైవింగ్ సైకిల్లో (స్టార్టు చేసి, నడిపి, ఆపేదాకా ఒక సైకిలు) కూడా కనిపిస్తేనే లైటు వేస్తుంది. క్లియర్ చేసి ఇచ్చిన బండి ఒకట్రెండు రోజులు బాగున్నట్టే ఉంటుంది మరి.

ఈసారి అడ్వైజర్‌ని కాకుండా లోపల లిఫ్టు దగ్గర పనిచేసే మెకానిక్‌ని కలిశాను. ఫొటో చూశాడు. "ఇది సీటిప్పితే గాని తెల్దు సార్. ఫుల్ ట్యాంకుతో సాయంత్రం తెచ్చి రేత్రికి ఇక్కడే వదిలెయ్యండి. కడగొద్దని కార్డు మీద రాయించండి, లేకపోతే ఆళ్ళు కడిగేస్తారు" అన్నాడు. మొత్తం వ్యవహారంలో పనికొచ్చిన సలహా ఇదొక్కటే. జాబ్ కార్డు మీద రెండు ఫిర్యాదులూ విడివిడిగా రాయించాను: ఫుల్ ట్యాంకు ఉన్నప్పుడు వెనక సీటు దగ్గర పెట్రోలు వాసన, చెక్ ఇంజిన్ లైటు పీ0172. కింద, పరీక్ష పూర్తయ్యేదాకా వాషింగ్ వద్దు అని. విడివిడిగా ఎందుకంటే ఒకటే లైను రాస్తే లైటు ఆరగానే కార్డు మూసేస్తారు.

పొద్దున్నే నేను ఉండగానే సీటు తీశారు. కూర్చునే దిండు ముందు వైపు రెండు క్లిప్పులు పైకి లాగితే ఊడుతుంది. కింద కార్పెట్ మడత తీస్తే అరచేతి కన్నా పెద్ద రేకు మూత, నాలుగు స్క్రూలు. అది తీయగానే వాసన మొహానికి కొట్టింది. దాని కింద ట్యాంకు నెత్తి మీద గుండ్రటి ప్లాస్టిక్ మూత, అదే పంపు మాడ్యూలు పైభాగం. దానికో వైరింగు సాకెట్, ఇంజినుకి పోయే పైపు, మూత చుట్టూ లాకు రింగు. టార్చి పక్కకి వంచి పట్టుకుంటే రింగు బయట మూడో వంతు మేర దుమ్ము నల్లగా తడిసి ఉంది, మిగతా అంతా పొడి పొడి. పైపు జాయింటు చుట్టూ పొడిగానే ఉంది. అంటే ఒత్తిడి వైపు లీకు లేదు, సీలు దగ్గరే కారుతోంది. నిర్ధారణకి సబ్బునీళ్ళు బ్రష్షుతో పూశారు, తడిసిన చోటే సన్నటి బుడగలు. పెద్ద నగరాల్లో దీనికి పొగ మిషన్ వాడతారు, ఒక పీఎస్ఐ కూడా దాటని ఒత్తిడితో ట్యాంకులోకి పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూస్తారు. అది ఇక్కడ లేదు, అవసరమూ పడలేదు.

మెకానిక్ రింగు విప్పబోతే ఆపాను. ఇలాంటి పనిలో గుర్తుంచుకోవాల్సినది ఇదే: కొత్త ఓ-రింగు చేతిలోకి వచ్చేదాకా పాతది విప్పించవద్దు. పెట్రోల్లో నానిన రబ్బరు ఉబ్బి ఉంటుంది. ఒకసారి బయటికొస్తే మళ్ళీ దాని గాడిలో కూర్చోదు. విప్పాక పార్టు లేదంటే బండి లిఫ్టు మీద తెరిచిన ట్యాంకుతో ఉండిపోవాల్సిందే. తడి ఎక్కడుందో విప్పకుండానే కనిపించింది కాబట్టి తొందరేమీ లేదు. పార్టు శ్రీకాకుళంలో స్టాకు లేదు, విశాఖ డిపో నుంచి రావాలి. నాలుగైదు రోజులన్నారు, వారం పైనే పట్టింది. ఆలోగా సగం ట్యాంకుతో తిప్పుకోమన్నారు. సగానికి దిగితే పెట్రోలు సీలుని తాకదు, నిజమే, ఆవిరి మాత్రం వస్తూనే ఉంటుంది, మే నెలలో మూసిన కారులో పిల్లల్ని వెనక కూర్చోబెట్టి తిప్పే పని కాదది. బండి అక్కడే వదిలేశాను. ఆ రోజుల్లో ఆటోలకి, అద్దె కారుకి అయిన ఖర్చు ఏ వారంటీలోనూ రాదు.

ఇంకో చిక్కు, లీకు కనిపించాలంటే ట్యాంకు నిండుగా ఉండాలి, సీలు మార్చాలంటే సగం కన్నా తక్కువ ఉండాలి. కాబట్టి పోయించిన పెట్రోలు మళ్ళీ తోడాలి. ఇరవై లీటర్ల దాకా తోడారు. ఎన్ని లీటర్లు తోడారో, తిరిగి ట్యాంకులోనే పోస్తారని కార్డు మీద రాయించుకోండి, లేకపోతే దాని ఊసు ఎవరూ ఎత్తరు. నీళ్ళ క్యాన్లలో పట్టారా, మూత ఉన్న లోహపు డబ్బాల్లోనా కూడా చూసుకోవాలి.

పార్టు వచ్చాక పని గంటన్నర. పంపు ఫ్యూజు తీసి ఇంజిను ఆగిపోయేదాకా తిప్పి పైపులో ఒత్తిడి దించారు, బ్యాటరీ నెగటివ్ తీశారు. రింగు చుట్టూ దుమ్ముని వ్యాక్యూమ్‌తో లాగారు, లేకపోతే అదంతా ట్యాంకులో పడుతుంది. మూత లేపగానే కారణం కళ్ళెదుటే ఉంది. ఓ-రింగు ఒకచోట గాడిలోంచి తప్పి మూత అంచు కింద నలిగి, అగ్గిపుల్ల పొడవు మేర రిబ్బనులా చదునైపోయింది. ఫ్యాక్టరీలో బిగించేటప్పుడే అలా పడింది, మరెవరూ ముట్టుకోలేదు. ఈ20కి రబ్బరు కరిగిందన్న వాదన అక్కడితో ఆగిపోయింది, మిగతా రింగంతా కొత్తదానిలాగే ఉంది. కొత్త రింగుకి గ్రీజు పూయకూడదు, శుభ్రమైన ఇంజినాయిలు ఒక చుక్క చాలు. ముందు రింగుని ట్యాంకు గాడిలో పూర్తిగా కూర్చోబెట్టి, మూత మీది బాణం గుర్తుని ట్యాంకు మీది గుర్తుకి కలిపి, మూతని చేత్తో నొక్కిపట్టి లాకు రింగు తిప్పాలి. నొక్కకుండా తిప్పితే ఓ-రింగు మళ్ళీ మెలి తిరుగుతుంది, మొదటిసారి జరిగింది కూడా అదే అయ్యుండాలి. తర్వాత తాళం రెండు మూడుసార్లు ఆన్ చేసి ప్రెజర్ ఎక్కించి చూశారు. తోడిన పెట్రోలు పోసి, బంకులో ఆటో కట్ (ట్యాంకు నిండగానే గన్ను దానంతటదే ఆగడం) దాకా నింపి, వెనక భాగం కిందకి ఉండేలా ర్యాంపు మీద రాత్రంతా ఉంచమని అడిగాను. పొద్దున సీటు కింద పొడిగా ఉంది.

వాసన పోయింది. లైటు పోలేదు. రోహిణి కార్తె ఎండల్లో రణస్థలం దాకా వెళ్ళొచ్చేసరికి పెండింగ్ కోడ్ మళ్ళీ పడింది. లాంగ్ టర్మ్ మైనస్ 14.8, షార్ట్ టర్మ్ మైనస్ 10.2, ఇంకా దిగుతోంది. అడ్వైజర్ మళ్ళీ క్లియర్ చేస్తానన్నాడు. చెరపవద్దు, ఇంజిను వేడి మీద లైవ్ డేటా పెట్టి పర్జ్ హోసు నొక్కి చూపించమన్నాను.

ట్యాంకులో పుట్టే ఆవిరి గాల్లోకి పోకుండా బొగ్గు నింపిన డబ్బాలోకి వెళ్తుంది. అదే కెనిస్టరు. ఇంజిను వేడెక్కి నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకుని ఆ ఆవిరిని ఇంజిను పీల్చుకుంటుంది. ఆ బొగ్గు ఆవిరిని పట్టుకోగలదు, పెట్రోలుని పట్టుకోలేదు. ద్రవంగా పెట్రోలు చేరితే తడిసి ముద్దవుతుంది, వాల్వు తెరిచినప్పుడల్లా ఇంజినుకి లెక్కలో లేని పెట్రోలు పోతుంది. మెకానిక్ పర్జ్ హోసుని ప్లయర్‌తో మెత్తగా నొక్కి పట్టుకోగానే షార్ట్ టర్మ్ మైనస్ 10 నుంచి పైకి లేచి ప్లస్ 14 దగ్గర నిలిచింది. లాంగ్ టర్మ్ కోత ఇంకా అలాగే ఉంది కాబట్టి దాన్ని పూడ్చడానికి అంత పైకి పోయిందన్నమాట. వదిలేస్తే మళ్ళీ కిందకి. ఈ పరీక్షకి రెండు నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు, ఇంజెక్టర్లు, ఆక్సిజన్ సెన్సార్ మార్చాలన్న మాట ఎత్తకముందే చేయించాలి. తర్వాత ఇంజిను ఆపి పర్జ్ వాల్వులో గాలి ఊదారు, పోలేదు, కరెంటు లేనప్పుడు మూసుకుని ఉండాల్సిందే కాబట్టి వాల్వు మంచిదే. ఫుల్ పోయించిన వెంటనే బండి స్టార్టు అవడానికి మొరాయిస్తుంటే మాత్రం ఈ వాల్వు తెరుచుకుని ఇరుక్కుందని అనుమానించాలి. కెనిస్టరు విప్పి వంచితే గాలి పీల్చే గొట్టంలోంచి పెట్రోలు బొట్లు బొట్లుగా పడింది.

పెట్రోలు అక్కడికి ఎలా చేరింది? ఆటో కట్ 3,412 రూపాయల దగ్గర పడితే బంకు కుర్రాడు "రౌండ్ చేసేమంటారా సార్" అని 3,500 చేస్తాడు. అంటే ఇంకో ముప్పావు లీటరు పైనే. కంపెనీ 37 లీటర్లని రాసినా పైన ఆవిరికి ఖాళీ వదులుతుంది, ఈ రౌండు ఆ ఖాళీలోకి పోతుంది. భూమిలోని ట్యాంకు నుంచి వచ్చిన పెట్రోలు ముప్ఫై డిగ్రీలుంటే, ఎండలో నిలబెట్టిన బండిలో నలభై అయిదుకి వేడెక్కుతుంది. పది డిగ్రీలకి సుమారు ఒక శాతం వ్యాకోచిస్తుంది కాబట్టి 37 లీటర్లకి అర లీటరు పైగా పెరుగుతుంది. ఖాళీ లేకపోతే ఆ అర లీటరు పోవడానికి నా బండిలో రెండే దారులు: ఆవిరి పైపు మీదుగా కెనిస్టరుకి, నలిగిన సీలు సందులోంచి సీటు కిందకి. వాసనకీ లైటుకీ ఉన్న చుట్టరికం ఇదే. పరుగు మీద కాకుండా ఎండలో నిలబెట్టినప్పుడే వాసన రావడానికి కారణమూ ఇదే.

వారంటీ దగ్గర పేచీ వచ్చింది. సీలు తయారీ లోపం, మారు మాట్లాడకుండా ఇచ్చారు. కెనిస్టరుకి మాత్రం ఆటో కట్ తర్వాత పోయించడం వాడకందారు తప్పు, మాన్యువల్‌లో రాసుంది అన్నారు. కోట్ చేసింది 7,400 రూపాయలు. మాన్యువల్‌లో ఉన్న మాట నిజమే. నా వాదనల్లా ఒకటే: మొదటిసారి వచ్చినప్పుడే వాసన ఫిర్యాదు కార్డెక్కించి సీటు విప్పి ఉంటే కెనిస్టరు అప్పుడే చూసేవారు, ఆ తర్వాత నెలంతా తడి బొగ్గుతో తిరిగేది కాదు. మొదటి జాబ్ కార్డు, ఫొటో, స్క్రీన్‌షాట్లు కలిపి కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాను. ఏరియా టెక్నికల్ ఆయన వచ్చి చూసేసరికి ఇంకో వారం. పార్టు కంపెనీది, లేబర్ నాది అని తేల్చారు. 1,100 మీద 18 శాతం జీఎస్టీ కలిపి 1,298 రూపాయలు. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నాయి. ఆ మొత్తానికి అంతదూరం వెళ్ళాలనిపించలేదు. ఛాసిస్ నంబరు పదిహేడు అక్షరాలూ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి రీకాల్ ఏమైనా ఉందేమో కూడా చూశాను, లేదు.

కెనిస్టరు మార్చాక కోడ్ చెరిపిస్తే లైటు అప్పుడే ఆరుతుంది. చెరపకపోయినా వరసగా మూడు డ్రైవింగ్ సైకిళ్ళు తప్పు కనిపించకపోతే దానంతటదే ఆరుతుంది, కోడ్ జ్ఞాపకంలోంచి పోవడానికి మాత్రం నలభై సార్లు ఇంజిను వేడెక్కాలి. నేను చెరపనివ్వలేదు. దానంతటదే ఆరితే రిపేరు నిలిచినట్టు లెక్క. జూన్ మూడో వారంలో ఆరింది. ఇప్పుడు లాంగ్ టర్మ్ మైనస్ 3.1. మధ్యలో ఒకాయన పొల్యూషన్ చెక్ చేయించి సర్టిఫికెట్ తెస్తే లీకు లేనట్టే కదా అన్నాడు. ఆ పరీక్షకి గొట్టం పెట్టేది సైలెన్సర్‌లో, ట్యాంకు నెత్తి మీద కారేది దానికి కనిపించదు. పైగా కొత్త బండికి మొదటి ఏడాది ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు.

బండి తెచ్చుకునే ముందు బిల్లులో ఓ-రింగు, కెనిస్టరు రెండింటి పార్టు నంబర్లూ సున్నా ధరతో వేయించుకోండి, అవి లేకపోతే మళ్ళీ ఇదే పని వచ్చినప్పుడు మొదట్నుంచి వాదించుకోవాలి. వారంటీలో వేసిన పార్టుకి విడిగా కొత్త వారంటీ మొదలవదు, బండి వారంటీ తీరిన రోజే దానిదీ తీరుతుంది. ఈ సంగతి బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఉంది.